వియ్యంకుడికి మూడు క్యాన్లు

పెద్దతిమ్మప్ప పొద్దున లేస్తే పేపరు చదవడు, డీజిల్ రేటు చదువుతాడు. కర్ణాటక అంచున ఉన్న క్యాతగానచెర్లు బస్టాపులో సిమెంటు అరుగు మీద కూర్చుని, ఆంధ్ర వైపు నుంచి వచ్చే బండి ఏదైనా సరే చెయ్యెత్తి ఆపుతాడు. "ఆ పక్క ఎంతుండాదప్పా ఈ పొద్దు?" అని అడుగుతాడు. అవతలివాడు తొంభై ఏడున్నర అన్నాడంటే ఆయన మొహం వెలిగిపోతుంది. ఈ పక్క తొంభై ఒకటే. ఆ ఆరున్నర రూపాయల తేడా తన కష్టార్జితమైనట్టు తొడ చరుచుకుంటాడు. నిజానికి ఆయనకున్న సొంత బండి ఒక పాత మోపెడ్, అది తాగేది పెట్రోలు. పన్నెండెకరాలూ సోలారు పార్కుకు గుత్తకిచ్చినప్పటి నుంచి ఆయన చేతులకు పని తగ్గి నోటికి పెరిగింది.

ఆ బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి, ప్యానెళ్ళు కడిగే ఆడవాళ్ళను దింపడానికి శిల్పశ్రీ తోలే ట్రాక్స్ జీపు బస్టాపులో ఆగింది. ఆయన కోడలు సవిత కూడా ఆ బండిలోనే దిగింది. తక్కిన వాళ్ళు ఎవరి ఇళ్ళకు వాళ్ళు పోతుంటే పెద్దతిమ్మప్ప అరుగు మీద తన పక్కన చేత్తో దుమ్ము తుడిచాడు.

"శిల్పా, బండి ఆపి ఈడ కూచో మ్మే. నీతో పని ఉండాది."

పని ఏమిటో శిల్పశ్రీకి ముందే తెలుసు. సవిత కూతురు అక్షతకు పదకొండో నెల. అహోబిలంలో పుట్టువెంట్రుకలు తీయించి, అటు నుంచి మంత్రాలయం చూసుకుని రావాలి. ఇంటిల్లిపాదీ కలిసి పదకొండు మంది, మూడు రోజుల ప్రయాణం. శిల్పక్క బండిలోనే పోదామని సవిత వారం నుంచి మామ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది.

మూడేళ్ళుగా శిల్పశ్రీ ఇలాంటి పిలుపు కోసమే కాచుకుని ఉంది. మూడేళ్ళూ ఆమె బండి తిరిగింది ఒక్కటే దారి: నాగలమడిక నుంచి క్యాతగానచెర్లు, అక్కడి నుంచి బలసముద్రం పక్క సోలారు పార్కు గేటు, మళ్ళీ వెనక్కి. పెళ్ళిళ్ళకూ తీర్థాలకూ పోయే బాడుగలన్నీ మగ డ్రైవర్లవే. ఆడపిల్లకు గేటు దాకా చాలులే అని బస్టాండులో వాళ్ళు ఆమె వినేటట్టే అంటుంటారు. విన్న ప్రతిసారీ ఆమెకు ఒళ్ళు మండుతుంది.

అందుకే ఆమె చేతిలో పెన్ను సిద్ధంగా ఉంది. పెద్దతిమ్మప్ప జేబులోంచి తీసిన పెళ్ళిపత్రిక వెనక వైపు గీత గీసింది.

"టాంకు నిండా పోయిస్తే అరవై లీటర్లు మామా. ఇంతమందితో లీటరుకు పదకొండు కిలోమీటర్లు ఇస్తాది బండి. ఈడ నింపుకొని తాడిపత్రి మీద అహోబిలం. ఆడినుంచి నంద్యాల, కర్నూలు, మంత్రాలయం. మంత్రాలయం నుంచి ఆదోని మీద బళ్ళారి. మొత్తం ఆరొందల ఇరవై అయితాది. బళ్ళారి అంటే మళ్ళా కర్ణాటకనే కదా, ఆడ పోయించుకుంటే నేరుగా ఇంటికి."

"అంటే ఆంధ్రలో?"

"ఆంధ్రలో ఒక్క చుక్క కొనే పని లేదు."

పెద్దతిమ్మప్ప ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని దూరంగా పెట్టి చూశాడు, దగ్గరగా పెట్టి చూశాడు. "ఆంధ్ర దేవుళ్ళకు మొక్కి, ఆంధ్ర నీళ్ళు తాగి, డీజిల్ మాత్రం మనదే! ఓరి దేవుడా, ఇంత తెలివి ఆ డ్రైవరు గిరీశుకు యాడుండాది?" అని తొడ మీద రెండు దెబ్బలు వేసుకున్నాడు. "శనివారం తెల్లారేటప్పటికి బండి పెట్టు. బాడుగ ఖాయం."

శిల్పశ్రీకి అరుగు మీద కూర్చున్నట్టే లేదు. నవ్వు ఆపుకోలేక పెన్ను మూత పెట్టుకుంటూ తల వంచుకుంది.

"ఇంగ ఆ మూడు క్యాన్లు ఉండాయి" అన్నాడు పెద్దతిమ్మప్ప.

"ఏం క్యాన్లు?"

"దాసప్ప బావకు."

దాసప్ప ఆయన వియ్యంకుడు. కూతురు ఆశాను ఇచ్చింది తాడిపత్రి దగ్గర ఆయన ఇంటికే. దారిలో ఆగి భోంచేసి పోవాలి. ఈ సరిహద్దు పల్లెల్లో చుట్టరికానికి ఒక కొత్త పద్ధతి వచ్చింది. ఆంధ్రలో చుట్టాలింటికి పోయేవాళ్ళు పూలు, పండ్లు, మిఠాయి పట్టుకుపోవడం తగ్గి, డీజిల్ క్యాను పట్టుకుపోవడం ఎక్కువైంది. ట్రాక్టరున్న వియ్యంకుడైతే ముప్పై అయిదు లీటర్ల క్యాను ఒకటి పెడితే మర్యాద, రెండు పెడితే గౌరవం. పెద్దతిమ్మప్ప మూడు తెస్తానని ఫోనులో మాటిచ్చేశాడు.

"యాడ పెట్టాల మామా? పైన క్యారియరు మీదనా?"

"పైన పెడితే ఎండకు ఉబ్బుతాయి, పోలీసోళ్ళ కంటికి ఆనుతాయి. ఎనక సీట్ల కింద పెట్టు. ఆడోళ్ళు కూచోని చీరలు ఇట్ల కిందికి వదిలితే ఎవురు చూస్తారు?" అంటూ ఆయన తన పంచె అంచును మోకాళ్ళ మీదుగా దించి చూపించాడు.

శిల్పశ్రీ నవ్వు ఆగిపోయింది. పెళ్ళిపత్రిక మీద గీసిన దారి వైపు కాసేపు చూస్తూ ఉండిపోయింది.

"రేపు చెప్తా మామా" అని లేచింది.

*

గురువారం తెల్లవారి అయిదున్నరకు ఆమె బండి మళ్ళీ అదే అరుగు ముందు ఆగింది. ప్యానెళ్ళు కడగడం ఎండ ముదరక ముందే కావాలి. వేడెక్కిన అద్దం మీద చల్లనీళ్ళు పడితే బీటలు వారుతుంది, బీట పడిందంటే కాంట్రాక్టరు కూలి కోస్తాడు. అందుకని ఆరింటికల్లా గేటు దగ్గర ఉండాలి. సవితా, మరో ఎనిమిది మంది ఆడవాళ్ళూ టిఫిను డబ్బాలు, తలగుడ్డలు పట్టుకుని ఒకరినొకరు తోసుకుంటూ ఎక్కారు.

అందరికన్నా వెనక సంజీవమ్మ వచ్చింది. ఆమె కుడి మణికట్టుకు పిండికట్టు. ఎడమ చేతిలో టిఫిను డబ్బా. ఇరవై రోజులుగా ఆమెను పనికి పిలవడం లేదు. అయినా రోజూ తెల్లవారుతూనే అన్నం కట్టుకుని వస్తుంది.

"ఈ పొద్దు ఎవురన్నా రాలేదా పాపా?" అని కిటికీ దగ్గరికొచ్చి అడిగింది.

"అందరూ వచ్చినారు సంజీవక్కా."

"సరేలే. రేపు చూస్తాం." డబ్బాను ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. ఆమెకు యాభై ఏళ్ళు కూడా లేవు. 'వయసైపోయింది, కాలు నిలబడటం లేదు, ఇంట్లో కూర్చోమనండి' అని కాంట్రాక్టరు చెప్పించాడు. ఆమె కూడా ఆ మాటే నమ్మింది.

అది నిజం కాదని తెలిసింది శిల్పశ్రీ ఒక్కతెకే.

సంజీవమ్మ గేటు దగ్గర పడి చెయ్యి విరగ్గొట్టుకున్న రోజు బండిలో ఒక క్యాను ఉంది. శిల్పశ్రీదే. ఆడవాళ్ళను గేటు దగ్గర దింపి, అటు నుంచి అటే ఆంధ్రలో ఉన్న పిన్నమ్మ కొడుక్కు ఇచ్చి రావాలని వెనక సీటు కింద పెట్టింది. మూత అరిగిన క్యాను అది. దారిలోనే వాసన వచ్చింది. "అక్కా, ఏందో కారుతాండాది" అని సవిత అన్నది కూడా. గేటు వచ్చేసింది, దిగుతారులే అని శిల్పశ్రీ బండి ఆపలేదు. క్యాను పైన కూర్చున్నది సంజీవమ్మ. దిగి నాలుగడుగులు వేసి, నీళ్ళ ట్యాంకరు పక్కన తడి సిమెంటు మీద కాలు పెట్టీ పెట్టగానే రబ్బరు చెప్పు సర్రున జారింది. ఆమె ఏడ్చేదాకా అందరూ నవ్వారు. అందరూ లోపలికి పోయాక శిల్పశ్రీ వెనక సీటు కింద చెయ్యి పెట్టి చూసింది. చెయ్యంతా నూనె. సబ్బుపొడి వేసి రెండుసార్లు కడిగింది. చెబితే గేటు దగ్గర తన బండిని మాన్పిస్తారని భయపడింది, ఎవరికీ చెప్పలేదు.

ఈ గురువారం శిల్పశ్రీ అదే గేటు ముందు బండి నీడలో కూర్చుని చూస్తుంటే లోపల ఆడవాళ్ళు వరసకు ఇద్దరు చొప్పున పని చేస్తున్నారు. ఒకరు పైపు పట్టి నీళ్ళు కొడితే ఇంకొకరు పొడుగు కర్రకు కట్టిన వైపరుతో పైనుంచి కిందికి లాగుతున్నారు. సంజీవమ్మ ఉన్నప్పుడు వైపరు ఆమెదే. ఒక్క లాగుకు అద్దం మీద చార లేకుండా దించేది. ఇప్పుడు ఆ వరసలో సవిత మూడుసార్లు లాగుతోంది.

మధ్యాహ్నం శిల్పశ్రీ నేరుగా పెద్దతిమ్మప్ప ఇంటికి పోయింది. వాకిట్లో ఆయన తల్లి నరసక్క కాళ్ళు చాపుకుని విత్తనాలకు శనక్కాయలు ఒలుస్తోంది. గొర్రెలు అమ్మేసి పదేళ్ళయినా, గొర్రెలు తోలిన కర్ర మాత్రం ఆమె పక్కనే గోడకు ఆనించి ఉంటుంది.

"మామా, బాడుగకు వస్తా. క్యాన్లు మాత్రం ఎక్కించను" అంది శిల్పశ్రీ నిలబడే.

పెద్దతిమ్మప్ప మొదట తమాషా అనుకున్నాడు. "యాల?"

"ఎక్కించనంతే."

"అందరి బండ్లలో పోతాండేదే కదా! నువ్వు ఎప్పుడూ తీస్కపోలేదా?"

"తీస్కపోయినా."

"మరి?"

"ఇంగ తీస్కపోను."

సంజీవమ్మ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. రానియ్యలేదు. అందుకే ఆమె మాట వినేవాళ్ళకు ఉత్త మొండితనంగా వినిపించింది.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి" అన్నాడు పెద్దతిమ్మప్ప కోపం వచ్చి. "బావకు మాటిచ్చినా. ఉత్త చేతులు ఊపుకుంటా పోతే నా బిడ్డకు తలవంపు కాదా?"

"మిఠాయి కొనుక్కపోండి."

"మిఠాయి పోస్తే ట్రాక్టరు నడుస్తాదా మ్మే?"

నరసక్క శనక్కాయ చిట్లించి నవ్వింది. "నేను మొన్ననే చెప్పలేదేంరా తిమ్మా? మందకు ముందర మగోడు నడవాల, ఎనక ఆడది నడవాల. బండికైనా అంతే. ఆడపిల్ల చేతికి ఇస్తే ఇట్లనే కొర్రీలు పెడతాది."

పెద్దతిమ్మప్ప అక్కడే, ఆమె ముందే, ఫోను తీశాడు. "గిరీశూ, శనివారం బండి ఖాళీనా? ఆ... అహోబిలం. క్యాన్లు మూడుండాయి... ఆ, అదే, నువ్వైతే అడగవని తెల్సు." ఆమె మూడేళ్ళు కాచుకున్న బాడుగ అర నిమిషంలో వేరేవాడి చేతికి పోయింది.

శిల్పశ్రీ వీధిలోకి వచ్చేసరికి సవిత పాపను చంకనేసుకుని వెంట వచ్చింది. "అక్కా, నేను ఎంత చెప్పి ఒప్పించినా తెల్సా? ఏమైంది నీకు?"

"ఆ క్యాన్ల మీద నువ్వు కూచోవద్దు సవితా."

"సీటు నేను ఏరుకుంటానా అక్కా? యాడ కూచోమంటే ఆడ కూచోవాల" అంది సవిత. పాప నోట్లోంచి కొంగు అంచు లాగి తుడుస్తూ లోపలికి పోయింది.

శుక్రవారం సాయంత్రం బంకు దగ్గర గిరీశ్ ఎదురయ్యాడు. ప్లాస్టిక్ క్యాన్లలో ఇంధనం పోయబడదని కన్నడంలో రాసిన బోర్డు కిందే మూడు నీలం క్యాన్లు వరసగా పెట్టి నింపిస్తున్నాడు.

"ఏం గేటు డ్రైవరమ్మా, భయపడి వదిలేసినావంట? ఆంధ్రకు పోవాలంటే గుండె ఉండాలమ్మా" అన్నాడు.

శిల్పశ్రీ తన బండిని పంపు ముందుకు తెచ్చి, "ఫుల్ చెయ్యన్నా" అంది. రోజూ అయిదు లీటర్లో పదో పోయించుకునే మనిషి. బంకు ఆయన ఆశ్చర్యపోయి, లాంగ్ ట్రిప్పా అని అడిగాడు. "ఊ" అంది. ఏ ట్రిప్పూ లేదు. చేతిలో ఉన్న డబ్బంతా అందులోనే పోయింది. అయినా గిరీశ్ చూస్తుండగా టాంకు గొంతు దాకా నిండటం ఆమెకు కావాలనిపించింది, నింపించుకుంది.

*

శనివారం ఆమె వచ్చేసరికి బస్టాపులో గిరీశ్ ట్రాక్స్ నిలబడి ఉంది. ముందు అద్దానికి పసుపు బొట్లు, బంతిపూల దండ. క్యారియరు మీద మూటలు కట్టేశారు. మగవాళ్ళు ముందూ మధ్యలోనూ సర్దుకున్నారు. సవిత మొగుడు సునీల్‌కుమార్ డ్రైవరు పక్కన కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. నరసక్కను ఇద్దరు పట్టి వెనక తలుపు లోంచి ఎక్కించారు. ఆమె మోకాళ్ళు గడ్డానికి తగిలేటట్టు ముడుచుకుని కూర్చుంది, కింద క్యాను ఉంది మరి. సవిత మాత్రం పాపతో తలుపు దగ్గరే నిలబడి ఉంది.

ఇటు అరుగు దగ్గర ప్యానెళ్ళ ఆడవాళ్ళు శిల్పశ్రీ బండి కోసం చూస్తున్నారు. టిఫిను డబ్బాతో సంజీవమ్మ కూడా ఉంది.

"ఎక్కు సవితా, మంచి గడియ దాటిపోతాంది" అన్నాడు పెద్దతిమ్మప్ప మధ్య సీటులోంచి.

"కాళ్ళు పెట్టను సందు లేదు మామా. వాసనకు పాప అప్పుడే మొగం తిప్పుకుంటాంది."

"కిటికీ తీసుకో. మూడు గంటలు ఓర్చుకుంటే తాడిపత్రి, ఆడ దింపేస్తాం కదా."

సవిత ఒక కాలు మెట్టు మీద పెట్టింది.

శిల్పశ్రీ బండి ఇంజను ఆపింది. దిగి అటు నడిచింది. నాలుగడుగుల దూరం. ఈ నాలుగడుగులూ నడిస్తే గేటు బాడుగ కూడా పోవచ్చని ఆమెకు తెలుసు. పోతే పోనీ అనుకుంది.

"సవితా, ఎక్కొద్దు."

"నీకేం పని మ్మే?" అని పెద్దతిమ్మప్ప కిటికీలోంచి తల బయట పెట్టాడు. "నువ్వు వద్దన్నావు, మేము వేరే బండి పెట్టుకున్యాం. అయిపాయ."

"యాల వద్దన్నానో ఆ పొద్దు చెప్పలేదు మామా. ఇప్పుడు చెప్తా." ఆమె గొంతు తగ్గించలేదు. "సంజీవక్క వయసై పడలేదు. నా బండిలో క్యాను కారింది. ఆ యమ్మ చెప్పులకు డీజిల్ అంటింది. అందుకే జారింది. నేను కళ్ళారా చూసినా. ఎవురూ చూడకముందే కడిగేసినా. ఇరవై దినాలు నోరు మూసుకొని ఉండా."

గిరీశ్ హారన్ మీది నుంచి చెయ్యి తీశాడు. ప్యానెళ్ళ ఆడవాళ్ళందరూ సంజీవమ్మ వైపు తిరిగారు. ఆమె తన కాళ్ళ వైపు చూసుకుంది.

"ఆ పొద్దు ఇంటికి పోయినాక చెప్పులు వాసనొచ్చినాయి" అంది నెమ్మదిగా. "ఇంట్లో యాడో కిరసనాయిలు తొక్కింటానులే అనుకుంటి. నిజంగానే నాకు కాళ్ళు నిలబడటం లేదని, దినామూ గోడ పట్టుకొని నడుస్తాండా పాపా. నా గోడ, నా ఇల్లు. పట్టుకొని నడుస్తాండా."

శిల్పశ్రీకి కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. తుడుచుకోలేదు.

ట్రాక్స్ వెనక నుంచి కర్ర చప్పుడైంది. "గిరీశా, ఎవురన్నా చెయ్యి ఇయ్యండిరా. దిగుతా" అంది నరసక్క.

"అమ్మా! నువ్వు కూచో" అన్నాడు పెద్దతిమ్మప్ప.

సవితే చెయ్యి అందించింది. నరసక్క దిగి, కర్ర ఊనుకుని, కొడుకు కూర్చున్న కిటికీ కిందికి వచ్చింది. "తిమ్మా, ఎంత మిగుల్తాదిరా ఈ మూడు క్యాన్లకు?"

"ఆరొందల ఎనభై దాకా... డబ్బు లెక్క కాదమ్మా. మాటిచ్చినా."

"మాటిచ్చింది నువ్వు. దాని మీద కూచునేది మేమా?" ఆమె గట్టిగా అరవలేదు. "నలభై ఏండ్లు మందను తోలుకొని పెన్న దాటి బళ్ళారి రేగళ్ళ దాకా నడిచినా. ముందర మీ నాయన, ఎనక నేనూ కుక్కా. ఈనిన గొర్రెను, దాని పిల్లను యాడ నడిపిస్తిమి? చెప్పు, నీకు తెలీదా?"

పెద్దతిమ్మప్ప కిటికీలోంచి తల లోపలికి తీసుకున్నాడు. "నడుమ" అన్నాడు చివరకు.

"నడుమ. గొర్రెపిల్లకు ఇచ్చిన చోటు నా మునిమనవరాలికి లేదా? దాన్ని తెచ్చి ఎనక, నూనె మీద కూచోబెడతావా? దేవునికి వెంట్రుకలియ్యను తీస్కపోతాండావా, దేనికి తీస్కపోతాండావు?"

నరసక్క పోయి అరుగు మీద కూర్చుంది. సవిత ఆమె పక్కన కూర్చుంది. ఇంట్లో మిగతా ఆడవాళ్ళు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, వాళ్ళూ దిగారు. సునీల్‌కుమార్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. తండ్రి వైపు చూశాడు, పెళ్ళాం వైపు చూశాడు. తలుపు తీసుకుని దిగి, వెనక్కి పోయి మొదటి క్యాను కిందికి దింపాడు.

"పాపా, నీ బండిలో నూనె ఉండాదా?" అని నరసక్క అడిగింది.

"టాంకు నిండా ఉండాది అవ్వా. కానీ ముందు వీళ్ళను గేటు కాడ దించాల. ఆరు గంటలకు పని."

"దించిరా. మేము ఈడనే ఉంటాం."

శిల్పశ్రీ బండి దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు పక్క సీటులో సంజీవమ్మ కూర్చుని ఉంది. ఎడమ చేత్తో తలుపు లాక్కుని ఎలా ఎక్కిందో ఏమో. ఒళ్ళో టిఫిను డబ్బా.

"నేనూ వస్తా గేటు దాకా" అంది, ముందుకే చూస్తూ. "ఈడ చెప్పిన మాట ఆడ చెప్పు."

*

గేటు దగ్గర కాంట్రాక్టరు సూపర్‌వైజరు బైలప్ప హాజరు పుస్తకంతో నిలబడి ఉన్నాడు. శిల్పశ్రీ చెప్పింది. బస్టాపులో చెప్పినట్టే, ఒక్క మాట తగ్గించకుండా చెప్పింది. బైలప్ప మొదట నమ్మలేదు, తర్వాత చిరాకు పడ్డాడు.

"ఇన్ని దినాలకు చెప్తాండావా? కూలోళ్ళ బండిలో డీజిల్ పెట్టుకొని వస్తివా? సోమవారం నుంచి నీ బండి వద్దుపో."

"సరే అన్నా. సంజీవక్క సంగతి చెప్పు."

"ఏం సంగతి? చెయ్యి ఇరిగిన మనిషి ఏం పని చేస్తాది?"

"చెయ్యి నయమైనాక."

"అప్పుడు చూస్తాం. మీరు పోండమ్మా లోపలికి, పొద్దెక్కుతాంది."

ఆడవాళ్ళు కదల్లేదు. ఎవరూ ముందుగా అనుకున్నది కాదు. సవిత ఆ రోజు సెలవు, లేకపోతే ఆమె మొదలుపెట్టిందనేవారు. వైపర్లు అందుకున్నారు, పైపు చుట్ట విప్పారు, అక్కడికక్కడే నిలబడ్డారు. ట్యాంకరు నీళ్ళు సిమెంటు మీద బొట్లు బొట్లుగా కారుతున్నాయి. తూర్పు నుంచి ఎండ మొదటి వరస ప్యానెళ్ళ అంచు మీదికి వచ్చింది.

బైలప్ప అద్దాల వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. ఇంకో గంట ఆగితే సగం వరసలు కూడా కడగకముందే అద్దాలు కాలుతాయి. ఆ తర్వాత నీళ్ళు కొట్టడానికి లేదు. ఆ రోజు పని పోయిందంటే జవాబు చెప్పుకోవలసింది అతనే.

"కట్టు ఎప్పుడు విప్పుతారంట?" అన్నాడు చివరికి.

"వచ్చే నెల పదో తేదీ" అంది సంజీవమ్మ.

"పదకొండు నుంచి రా."

"పుస్తకంలో రాయప్పా. నోటి మాట నాకు వద్దు."

అతను రాశాడు. ఆమె చదువుకోలేదు. అయినా వంగి ఆ అక్షరాలను చివరిదాకా చూసింది. అప్పుడు కానీ ఆడవాళ్ళు లోపలికి పోలేదు. మధ్యాహ్నం ఏదో ఒక బండి ఎక్కి వచ్చేస్తాంలే అని శిల్పశ్రీకి చెప్పారు.

ఇద్దరూ వెనక్కి బయలుదేరారు. దారికి రెండు పక్కలా ప్యానెళ్ళు, వాటి కింద పలచగా గడ్డి. ఊరు కనబడుతుండగా శిల్పశ్రీ, "నన్ను తిట్టక్కా" అంది.

"తిడతా. ఇంగా ఉండాది నాలోపల" అంది సంజీవమ్మ. "పదకొండో తేదీ దాకా రోజూ తిడతా. బండి మాన్పించినారు కదా, నడిచొచ్చి కూచో మా ఇంటికాడ." ఇల్లు రాగానే దిగింది. వాకిలి దాకా గోడ పట్టుకోకుండా నడిచింది. శిల్పశ్రీ ఆమె లోపలికి పోయేదాకా బండి కదిలించలేదు.

బస్టాపులో ఎవరూ ఉండరనే అనుకుంది. ఏడు దాటింది, పెద్దతిమ్మప్ప సంగతి ఆమెకు తెలుసు. కానీ లేనిది గిరీశ్ బండి ఒక్కటే. అరుగు మీద నరసక్క, ఆమె ఒళ్ళో బంతిపూల రేకులు చిదుముతూ అక్షత, పక్కన మూటలు. మూడు నీలం క్యాన్లు నేల మీద వరసగా ఉన్నాయి. వాటికి కొంచెం అవతలగా పెద్దతిమ్మప్ప ఫోను చెవికి ఆనించుకుని నిలబడి ఉన్నాడు.

"బావా, క్యాన్లు తేవడం లేదు... అదే, డీజిల్... మాటిచ్చినా, నిజమే. మా అమ్మ... వినపడతాందా?" ఆయన ఫోను దించి దాని వైపు చూసి మళ్ళీ చెవికి పెట్టుకున్నాడు. "ఆ... పదకొండు మందిమి. ఆ, శిల్పాతో పన్నెండు. పాప బాగుండాది. కోడి వద్దు బావా, దేవునికి పోతాండాం కదా, పప్పు చాలు."

ఫోను జేబులో వేసుకుని ఆయన తల్లి ముందుకొచ్చాడు. "నేను క్యాన్లు క్యాన్లు అంటాంటే ఆ మనిషి కోడి కొయ్యల్నా వద్దా అంటాడమ్మా. రెండు సార్లు చెప్పినా, చెవిన పెట్టల్యా."

"మరి నాలుగు దినాల నుంచి నిద్ర పోకపోతివే" అంది నరసక్క.

క్యాన్లను సునీల్‌కుమార్ ఇంటికి మోసుకుపోయాడు. మూటలు శిల్పశ్రీ బండి మీదికి ఎక్కాయి. అలవాటుగా ముందు సీటు తలుపు మీద చెయ్యి వేసిన పెద్దతిమ్మప్పను నరసక్క కర్రతో పక్కకు తప్పించింది. తాను ఎక్కి కూర్చుంది. సవితా పాపా మధ్య సీటులో, నడుమ. ఆయన చుట్టూ తిరిగి వెనక తలుపు దగ్గరికి పోయాడు.

"సీటు కింద ఏమీ లేదు మామా. కాళ్ళు బాగా చాపుకో" అంది శిల్పశ్రీ అద్దంలో చూస్తూ.

ఆయన కాళ్ళు చాపుకున్నాడు.

సరిహద్దుకు ముందు ఈ పక్కన ఆఖరి బంకు వస్తుండగా వెనక నుంచి, "కొంచెం ఆపు మ్మే, ఈ పొద్దు రేటు ఎంతో చూస్తా" అని వినబడింది. బండి వేగం తగ్గలేదు. టాంకు ముల్లు నిండు గీత మీదే నిలబడి ఉంది. సోమవారం నుంచి ఈ బండికి గేటు లేదు, ఆ సంగతి తిరిగొచ్చాక చూసుకోవాలి. ఎదురుగా ఆంధ్ర దారి చింతచెట్ల మధ్య నుంచి సాగిపోతోంది.

"పొద్దెక్కుతాంది" అంది నరసక్క, కర్రను మోకాళ్ళ నడుమ నిలబెట్టుకుని. "తోలు పాపా."

శిల్పశ్రీ గేరు మార్చింది.